కుక్కపిల్లకు ఆటలు నేర్పడం: ఒక శాస్త్ర చరిత్ర

కుక్కపిల్ల ఇంటికి వచ్చిన వారం లోపలనే పిల్లలు దానికి "షేక్ హ్యాండ్" నేర్పడం మొదలుపెడతారు. నేర్పే పద్ధతి దాదాపు అన్ని ఇళ్లలోనూ ఒకటే. ఒక పిల్లవాడు దాని ముందరి కాలు పట్టుకొని పైకెత్తుతాడు, "షేక్ హ్యాండ్, షేక్ హ్యాండ్" అని పదిసార్లు అంటాడు, కాలు వదిలివేస్తాడు. మరునాడు చేయి చాచి అదే మాట అంటే కుక్కపిల్ల ఆ చేతిని నాకుతుంది, లేదా తోక ఆడిస్తూ వెల్లకిల పడుకొంటుంది. "దీనికి బుర్ర లేదురా" అని అన్నగారు తీర్పు చెబుతాడు. కోపిష్ఠివాడైతే చెవి కూడా మెలిపెడతాడు.

ఇందులో లోపం కుక్కపిల్లదా, నేర్పేవాడిదా? చూడడానికి ఇది పిల్లల తగవు వలె ఉన్నది. కాని దీనికి నమ్మదగిన సమాధానం దొరకడానికి సుమారు 70 సంవత్సరాలు పట్టినది. అందుకు పాటుపడినవారు కూడా సామాన్యులు కారు. ఉపాధ్యాయ శిక్షణ పొందినవారికి థార్న్‌డైక్, పావ్లోవ్, స్కిన్నర్ అనే మూడు పేర్లు తెలిసే ఉంటాయి. పరీక్ష కోసం కంఠస్థం చేసిన ఆ సిద్ధాంతాలు ఒక కుక్కపిల్ల ముందు కూర్చున్నప్పుడు ఎట్లా పనికివస్తాయో చూస్తే, వాటి అసలు అర్థం కొంత తేటపడుతుంది.

మనిషి మనస్సుకూ ఉన్నత జంతువుల మనస్సుకూ గల భేదం హెచ్చుతగ్గుల భేదమే గాని మూలంలో భేదం కాదని డార్విన్ 1871లో వ్రాసినాడు. ఆ మాటతో ఇంగ్లండులో జంతువుల తెలివితేటలను గురించిన ఉత్సాహం ఒక్కసారిగా పెరిగినది. డార్విన్‌కు ఆప్తుడైన జార్జి రొమానెస్ 1882లో జంతువుల బుద్ధిని గురించి ఒక పెద్ద గ్రంథం ప్రచురించినాడు. నలుమూలల నుంచి వచ్చిన ఉత్తరాలు, అచ్చయిన వృత్తాంతాలు అందులో చేర్చినాడు. తలుపు గడియ తీసిన పిల్లులు, యజమాని మనస్సు కనిపెట్టిన కుక్కలు అందులో కొల్లలుగా ఉన్నవి. గడియ తీసిన పిల్లికి గడియ పనిచేసే విధానం తెలిసి ఉండవలెనని రొమానెస్ వాదన. అద్భుతం చేసిన కుక్కను గురించి అందరూ ఉత్తరం వ్రాస్తారు. ఏమీ చేయని కుక్కను గురించి ఎవరూ వ్రాయరు. ఈ చిన్న సంగతిని ఆ కాలంలో పెక్కుమంది మరచిపోయినారు.

అదే కాలంలో సర్ జాన్ లబ్బక్ అనే ఆయన వృత్తాంతాలను వదలి ప్రయోగానికి దిగినాడు. ఆయన బ్యాంకు యజమాని, పార్లమెంటు సభ్యుడు, చీమలను గురించి గ్రంథం వ్రాసినవాడు, డార్విన్‌కు పొరుగువాడు. వాన్ అనే తన నల్లని పూడిల్ కుక్కకు ఆయన అట్టముక్కలతో చదువు నేర్పబూనినాడు. ఒక అట్ట మీద "ఆహారం" అని ఇంగ్లీషులో వ్రాసి దానిని తిండి ఉన్న పళ్లెం మీదా, ఏమీ వ్రాయని అట్టను ఖాళీ పళ్లెం మీదా పెట్టేవాడు. క్రమంగా వాన్ ఆకలి వేస్తే "ఆహారం" అట్టనూ, షికారుకు పోదలచుకొంటే "బయటికి" అనే అట్టనూ నోట కరచుకొని తెచ్చేది. 1884లో ఆయన ఈ సంగతులు ప్రకటించినాడు. కుక్క అక్షరాలు చదివినదని ఆయన అనలేదు. ఈ గుర్తుకు ఈ ఫలితం అని నేర్చుకొన్నదని మాత్రమే అన్నాడు.

లబ్బక్ తన గ్రంథంలో మరొక కుక్కను గురించి కూడా వ్రాసినాడు. దాని పేరు కెప్లర్. దాని యజమాని విలియం హగ్గిన్స్. వర్ణపటదర్శిని సాయంతో కొన్ని నెబ్యులాలు వాయుమయాలని 1864లో కనుగొన్న ఖగోళ శాస్త్రజ్ఞుడే ఆయన. భోజనానంతరం హగ్గిన్స్ ఒక కేకు ముక్క ముందు పెట్టి, తొమ్మిదికి వర్గమూలం ఎంత అని అడిగితే కెప్లర్ మూడుసార్లు మొరిగి ఆగేది. అతిథులు ఆశ్చర్యపోయేవారు. కాని కుక్క లెక్క చేయడం లేదని హగ్గిన్సే గ్రహించినాడు. మొరిగినంతసేపూ అది యజమాని ముఖం మీది నుంచి చూపు తిప్పేది కాదు. సరియైన అంకె రాగానే ఆయన ముఖంలో తనకే తెలియకుండా కలిగే ఏదో మార్పును కనిపెట్టి ఆగిపోయేది. 1907లో జెర్మనీలో ఆస్కార్ ప్ఫుంగ్‌స్ట్ "తెలివిగల హాన్స్" అనే గుర్రం గుట్టు విప్పినప్పుడు తేలినది కూడా ఇదే. నేర్పేవాడు తాను నేర్పుతున్నా ననుకొనేది ఒకటి, జంతువు నేర్చుకొంటున్నది మరొకటి కావచ్చును.

ఇక తలుపు గడియ కథ. బ్రిస్టల్ నగరంలో అధ్యాపకుడైన కాన్వీ లాయిడ్ మోర్గన్ ఇంట టోనీ అనే ఫాక్స్ టెర్రియర్ కుక్క ఉండేది. గేటు గడియ కిందికి తల దూర్చి, తలతో దానిని పైకెత్తి, గేటు తెరుచుకొని అది వీధిలోకి పోయేది. దారిన పోయేవారు చూస్తే "ఎంత తెలివి!" అనవలసినదే. కాని మోర్గన్ ఈ విద్య పుట్టినప్పటి నుంచీ దగ్గర నిలబడి చూసినాడు. మొదట టోనీకి గడియ సంగతి ఏమీ తెలియదు. వీధి చూడాలనే ఆత్రంతో ఊచల మధ్య అక్కడా ఇక్కడా తల దూర్చేది. ఒకసారి గడియ కింద దూర్చినప్పుడు తల తగిలి గడియ లేచినది, గేటు తెరుచుకొన్నది. ఆ తరువాత పనికిరాని చోట్ల తల దూర్చడం మెల్లమెల్లగా తగ్గి, తడబాటు లేకుండా గేటు తీయడానికి సుమారు మూడు వారాలు పట్టినది. తక్కువ స్థాయి మానసిక శక్తితో వివరించగల పనికి ఎక్కువ స్థాయి శక్తిని ఆరోపించరాదు అని 1894లో మోర్గన్ పెట్టిన నియమం నేటికీ ఆయన పేరుతోనే చెలామణి అవుతున్నది. టోనీని తక్కువ చేయడం ఆయన ఉద్దేశం కాదు. ముగిసిన పనిని మాత్రం చూసి తీర్పు చెప్పవద్దు, అది ఎట్లా మొదలైనదో చూడమని ఆయన చెప్పినాడు.

ఈ టోనీ చేసిన పనినే పెట్టెలో బంధించి, గడియారం పెట్టి కొలిచినవాడు అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ థార్న్‌డైక్. ఆయన హార్వర్డ్‌లో చదువుకొనేటప్పుడు కోడిపిల్లలతో ప్రయోగాలు మొదలుపెట్టి, వాటిని ఉంచడానికి చోటు లేక, తన ఆచార్యుడు విలియం జేమ్స్ ఇంటి నేలమాళిగలో పెట్టుకొన్నాడు. 1898లో కొలంబియా విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత వ్యాసంలో 13 పిల్లులు, 3 కుక్కలు, కొన్ని కోడిపిల్లలు ఉన్నవి. పాత చెక్కలతో చేసిన పెట్టెలు; లోపల లాగవలసిన దారమో, నొక్కవలసిన మీటో ఉంటుంది; బయట తిండి. ఒక పిల్లి ఒక పెట్టెలో నుంచి బయటపడడానికి వరుసగా పట్టిన కాలం సెకండ్లలో ఇట్లా ఉన్నది: 160, 30, 90, 60, 15, 28, 20, 30, 22, 11. ఇరవై సార్లు దాటిన తరువాత 6, 7 సెకండ్లకు దిగినది. ఈ అంకెలను విద్యార్థులు గ్రాఫు కాగితం మీద గీచి చూడవలెను. పిల్లికి ఒక్కసారిగా "అర్థమై" ఉంటే గీత నిటారుగా పడిపోయి అక్కడే నిలిచి ఉండేది. అట్లా కాక అది ఎగుడుదిగుడులుగా దిగివచ్చినది. యత్నదోష పద్ధతి అని శిక్షణ కళాశాలలో చెప్పేది ఈ గీతనే. సంతృప్తినిచ్చిన చర్య ఆ పరిస్థితితో ముడిపడి మళ్లీ జరుగుతుంది, ఇబ్బంది కలిగించినది సడలిపోతుంది అనే ఫలిత నియమం కూడా ఇందులో నుంచే వచ్చినది. శిక్ష విషయంలో తాను మొదట అనుకొన్నంత బలం లేదని థార్న్‌డైకే తరువాత తన నియమాన్ని సవరించుకొన్నాడు.

మన షేక్ హ్యాండ్ పిల్లవాడికి సంబంధించిన ఫలితం ఒకటి అదే వ్యాసంలో ఉన్నది, దానిని ఎవరూ అంతగా పట్టించుకోరు. థార్న్‌డైక్ కొన్ని జంతువుల కాలు తన చేత్తో పట్టుకొని మీటను నొక్కించి చూసినాడు. దానివల్ల అవి నేర్చుకొన్న జాడ ఆయనకు కనపడలేదు. కాలు ఎత్తినది మనిషి, కుక్క ఎత్తలేదు. తాను చేయని పనికి ఫలితం వచ్చినా, ఏ పనికి వచ్చినదో దానికి తెలియదు. "చేయించడం" వేరు, "చేసినప్పుడు గుర్తించడం" వేరు.

ఇక్కడ నుంచి కథ రష్యాకు పోతుంది. ఇవాన్ పావ్లోవ్‌కు 1904లో నోబెల్ బహుమతి వచ్చినది జీర్ణక్రియను గురించిన పరిశోధనకు. కుక్క లాలాజలాన్ని చెంపకు చేసిన రంధ్రం ద్వారా బయటి గొట్టంలోకి రప్పించి బొట్లు లెక్కపెట్టడం ఆయన ప్రయోగశాలలో నిత్యకృత్యం. తిండి నోట పడకముందే, దానికి ముందుగా వచ్చే గుర్తుకే లాలాజలం ఊరుతున్నదని గమనించి ఆయన మిగిలిన జీవితమంతా ఆ విషయానికే ధారపోసినాడు. గంట కథ లోకమంతటా ప్రసిద్ధమైనది గాని, ఆయన ఎక్కువగా వాడినవి మెట్రోనోమ్, బజర్, దీపం, చర్మం మీది స్పర్శ వంటివి. నిబంధిత ప్రతీకార చర్యకు ఆయన చెప్పిన షరతులలో కుక్కపిల్లను పెంచేవారు ముఖ్యంగా గుర్తుంచుకోవలసినవి రెండు. గుర్తు ముందు రావలెను, తిండి వెంటనే తరువాత రావలెను. వరుస తిరగబడితే గుర్తు గుర్తుగా నిలవదు. గుర్తు ఇచ్చి తిండి ఇవ్వకుండా మోసం చేస్తూ పోతే, ఏర్పడినది కూడా క్రమంగా ఆరిపోతుంది.

పావ్లోవ్ ప్రయోగశాలలో షెంగర్ క్రెస్తోవ్నికోవా అనే పరిశోధకురాలు చేసిన పని నా ఉద్దేశంలో ఉపాధ్యాయులందరూ తెలుసుకోదగినది. ఒక కుక్కకు తెర మీద వృత్తం చూపితే తిండి వస్తుంది, దీర్ఘవృత్తం చూపితే రాదు. మొదట దీర్ఘవృత్తం అక్షాల నిష్పత్తి 2:1. కుక్క భేదం సులభంగా గుర్తించినది. అప్పుడు దీర్ఘవృత్తాన్ని మెట్టుమెట్టుగా వృత్తానికి దగ్గరగా తెచ్చినారు: 3:2, 4:3, అట్లా పోయి 9:8. ఆ మెట్టు వద్ద కుక్క కొంతవరకు భేదం కనిపెట్టినది. కాని మూడు వారాలు అదే పాఠం సాగించేసరికి మెరుగుపడడానికి బదులు దిగజారి, చివరకు ఏ భేదమూ తెలియకుండా పోయినది. అంతవరకు నెమ్మదిగా నిలబడిన కుక్క కీచుమని అరుస్తూ, మెలికలు తిరుగుతూ, ఒంటికి తగిలించిన పరికరాలను పళ్లతో పీకివేసినది. మళ్లీ 2:1 పెట్టి చూస్తే, మొదట సులభంగా చేసిన ఆ పాఠం కూడా పోయినది. దానిని తిరిగి మొదటి నుంచి నెమ్మదిగా నేర్పవలసి వచ్చినది. ఎవరూ ఆ కుక్కను కొట్టలేదు. శక్తికి మించిన ప్రశ్నను రోజూ అడిగినారు, అంతే.

ఆ ప్రయోగశాల కుక్కలు పడిన బాధ తక్కువది కాదు. శస్త్రచికిత్సలు, నెలల తరబడి పట్టీలతో నిలబడడం వాటి పాలిట పడినవి. 1935లో లెనిన్‌గ్రాడ్‌లోని ఆ సంస్థ ఆవరణలోనే కుక్కకు ఒక స్మారక చిహ్నం నిలిపినారు.

ఇదంతా ప్రయోగశాలలో జరుగుతున్నప్పుడు బయట కుక్కలకు విద్యలు నేర్పేవారు ఏమి చేస్తున్నారు? జెర్మనీ పోలీసు కుక్కల శిక్షకుడు కొన్‌రాడ్ మోస్ట్ 1910లో ప్రచురించిన గ్రంథం చాలా కాలం ప్రమాణంగా చెల్లినది. కుక్కకు మన మాటల అర్థం తెలియదు, చర్యకూ ఫలితానికీ మధ్య ఆలస్యం ఉండరాదు అని ఆయన సరిగానే కనిపెట్టినాడు. కాని ముళ్లపట్టీ, బెత్తం ఆయన సామగ్రిలో భాగాలు. రష్యాలో సర్కసు కళాకారుడు వ్లదీమిర్ దూరవ్ ఇందుకు భిన్నంగా, కొట్టకుండా తిండితోనూ బుజ్జగింపుతోనూ జంతువులకు ఆటలు నేర్పి మాస్కోలో పేరు తెచ్చుకొన్నాడు. అయితే ఆయనది చేతివాటం. ఎందుకు పనిచేస్తున్నదో చెప్పి, ఎవరైనా తిరిగి చేయగలిగేట్లు వివరించడం మరొకరి పాలిట మిగిలినది.

ఆ మరొకరు బి. ఎఫ్. స్కిన్నర్. 1943లో యుద్ధ సంబంధమైన పని మీద ఆయన, శిష్యులు మినియాపొలిస్‌లో ఒక పిండిమర పై అంతస్తులో పావురాలతో పనిచేస్తున్నారు. ఖాళీ సమయంలో ఒక పావురం చేత చెక్క బంతిని ముక్కుతో కొట్టించాలని సరదా పుట్టినది. బంతిని కొట్టినప్పుడు గింజలు ఇద్దామని కాచుకొని కూర్చున్నారు. పావురం కొట్టలేదు. విసిగిపోయి, బంతి వైపు చూస్తే చాలు గింజ ఇద్దామనుకొన్నారు. తరువాత దానికి దగ్గరగా పోతే. తరువాత ముక్కు తగిలిస్తే. కొద్ది నిమిషాలలోనే బంతి పెట్టె గోడల మధ్య ఎగిరి పడసాగినది. పూర్తి పని జరిగేవరకు కాచుకొనక, దాని వైపు పడిన ప్రతి చిన్న అడుగునూ పునర్బలనంతో పట్టుకొనడం, అడుగు స్థిరపడగానే తరువాతి అడుగు కోరడం: చర్యను రూపుదిద్దడమంటే ఇదే.

1951 డిసెంబరులో స్కిన్నర్ "సైంటిఫిక్ అమెరికన్" పత్రికలో జంతువులకు నేర్పడం ఎట్లా అనే వ్యాసం సామాన్య పాఠకుల కోసం వ్రాసినాడు. అందులో ఆయన వాడమన్న పరికరం చవక బజారులో దొరికే ఒక ఆటవస్తువు. మన తిరునాళ్లలో పిల్లలు కొనుక్కొనే, నొక్కితే టిక్కుమనే రేకు కప్ప వంటిది. దాని అవసరం ఏమిటంటే, కుక్క కూర్చున్నది; మీరు సంతోషించి జేబులో చేయి పెట్టి బిస్కట్టు ముక్క తీసేలోపల అది లేచి మీ మీదికి ఎగబడినది; అప్పుడు ముక్క పెట్టినారు. మీరు బహుమానం ఇచ్చినది కూర్చున్నందుకా? కాదు, ఎగబడినందుకు. అందువల్ల ముందుగా టిక్కుమనిపించి వెంటనే ముక్క పెట్టడం కొన్నిసార్లు చేస్తే, టిక్కుమనే చప్పుడే కుక్కకు శుభవార్త అవుతుంది. ఆ తరువాత ఎంత దూరాన ఉన్నా కావలసిన క్షణాన్ని చప్పుడుతో పట్టుకోవచ్చును. ముక్క ఒక క్షణం ఆలస్యమైనా ఫరవాలేదు. చప్పుడు పావ్లోవ్ గుర్తు. అది వచ్చే క్షణం థార్న్‌డైక్ ఫలితం. రెండింటినీ ఒక రేకు కప్పలో కలపడమే స్కిన్నర్ చేసిన పని.

మరుసటి సంవత్సరం "లుక్" పత్రిక వారు ఇది నిజమేనా అని ఆగ్నెస్ అనే చుక్కల డాల్మేషియన్ కుక్కను తెచ్చినారు. స్కిన్నర్ గోడ మీద అడ్డగీతలు గీచి, ఫొటోగ్రాఫరు ఫ్లాష్ దీపం మెరుపునే టిక్కుకు బదులు గుర్తుగా వాడుకొన్నాడు. తల ఒక గీతకు లేచినప్పుడు మెరుపు, ముక్క. తరువాత పై గీతకు లేస్తేనే మెరుపు. సుమారు 20 నిమిషాలలో ఆగ్నెస్ గోడ మీదికి పరుగెత్తినట్లుగా ఎగరసాగినది. (ఈ గంతు కుక్కపిల్లలకు నేర్పదగినది కాదు. వాటి ఎముకల చివర ఉండే పెరుగుదల భాగం ఇంకా గట్టిపడి ఉండదు.)

ఇప్పుడు మన షేక్ హ్యాండ్‌ను మళ్లీ ఎత్తుకొందాము. రేకు కప్ప లేకపోతే చిటిక చాలును. బఠాణీ గింజంత తిండి ముక్కలు ముందే కోసి పెట్టుకోవలెను. చాకొలేటు, ద్రాక్ష, ఉల్లి మాత్రం కుక్కలకు విషం. చిటిక వేయడం, వెంటనే ముక్క పెట్టడం ఓ పదిసార్లు చేస్తే, చిటిక వినగానే కుక్కపిల్ల మీ చేతివైపు చూస్తుంది. అప్పుడు ఒక ముక్కను పిడికిట్లో మూసి దాని ముక్కు ముందు, నేలకు దగ్గరగా పెట్టండి. అది వాసన చూస్తుంది, నాకుతుంది, ముక్కుతో పొడుస్తుంది. ఏదీ పనిచేయక ముందరి కాలు కొద్దిగా కదుపుతుంది. ఆ కదిలిన క్షణంలోనే చిటిక, పిడికిలి తెరవడం. తరువాత కాలు నేల విడిస్తేనే. ఆ తరువాత చేతికి తగిలితేనే. అది తడబాటు లేకుండా జరుగుతున్నప్పుడు మాత్రమే ఖాళీ అరచేయి చాచి, దానికి ముందుగా "షేక్ హ్యాండ్" అనే మాట చేర్చవలెను. చేష్ట రాకముందే మాటను పదిసార్లు అంటే కుక్కకు అది ఇంట్లోని మరొక చప్పుడు మాత్రమే. ఒక మెట్టు వద్ద వరుసగా తప్పుతున్నదంటే, 9:8 కుక్కను తలచుకొని, వెనుకటి మెట్టుకు దిగండి. మూడు నాలుగు నిమిషాలకు పాఠం ఆపివేయండి. ఆపడంలో నష్టం లేదని డెన్మార్క్‌లో 2008లో ప్రకటించిన ప్రయోగమొకటి చూపినది: 18 బీగిల్ కుక్కలకు ఒకే విద్య నేర్పగా, వారానికి ఒక్కరోజు నేర్చుకొన్నవి, అయిదు రోజులు నేర్చుకొన్న వాటికంటె తక్కువ పాఠాలలోనే ముగించినవి. రోజుల లెక్కన చూస్తే మాత్రం ఎక్కువ కాలమే పట్టినది.

టిక్కుమనే చప్పుడు ఇళ్లకు చేరడానికి స్కిన్నర్ వ్యాసం తరువాత ఇంకా 40 ఏళ్లు పట్టడం విచిత్రం. ఆయన శిష్యులు కెల్లర్ బ్రెలండ్, మేరియన్ బ్రెలండ్ దంపతులు 1947లోనే జంతు శిక్షణను వృత్తిగా పెట్టుకొని, నాటకశాలలకూ ప్రకటనలకూ ఎన్నో జాతుల చేత విద్యలు చేయించినారు. డాల్ఫిన్ల శిక్షకులు ఈలను గుర్తుగా వాడసాగినారు. మెడకు పట్టీ వేసి లాగడానికి వీలులేని జంతువుతో మరొక దారి లేదు గదా! డాల్ఫిన్లకు శిక్షణ ఇచ్చిన కారెన్ ప్రయర్ 1984లో వ్రాసిన పుస్తకం, 1990 తరువాత ఆమె ఇచ్చిన ప్రదర్శనలు చూసి కుక్కలవారు ఈ పద్ధతిని విస్తారంగా చేపట్టినారు. పట్టీ పట్టి లాగగలిగినంత కాలం, లాగకుండా నేర్పడం ఎట్లాగని వారికి తోచలేదు.

బ్రెలండ్ దంపతులు మరొక మేలు కూడా చేసినారు. 1961లో తమ గురువు సిద్ధాంతానికి చిక్కని సంగతులను దాచకుండా ప్రకటించినారు. చెక్క నాణెం తెచ్చి డబ్బాలో వేయమని పందికి నేర్పితే, కొన్ని వారాలు చక్కగా వేసి, తరువాత దారిలో నాణేన్ని పడవేసి ముట్టెతో పెళ్లగించడం మొదలుపెట్టినది. రాకూన్ అనే జంతువు రెండు నాణేలను వదలక చేతులతో రుద్దుతూ కూర్చున్నది. తిండి ఆలస్యమవుతున్నా లెక్కలేదు. నేర్పిన విద్య జాతి సహజమైన ప్రవృత్తి వైపు జారిపోతుందన్నమాట. జంతువు ఖాళీ పలక కాదు. కుక్కపిల్ల విషయంలో ఇది ఎంతో అనుకూలం. దాని సహజ ప్రవృత్తిలో సగం ఆటే. ఆటకు పిలిచేటప్పుడు కుక్క ముందు కాళ్లు చాచి, ఛాతీ నేలకు ఆనించి, వెనుక భాగం పైకెత్తుతుంది. ఈ వంగడం ఊరికే జరిగేది కాదనీ, గట్టిగా కరచి ఊపడానికి ముందూ వెనుకా, అంటే "ఇది ఆటే సుమా" అని చెప్పవలసిన చోట ఎక్కువగా వస్తుందనీ మార్క్ బెకాఫ్ 1995లో చూపినాడు. ఆ భంగిమ తానుగా పెట్టినప్పుడల్లా చిటిక వేస్తూ పోతే, కొద్ది రోజులలో అడగ్గానే "నమస్కారం" పెట్టే కుక్కపిల్ల తయారవుతుంది. కొత్తగా నేర్పినది ఏమీ లేదు. దానికి ఒక పేరు పెట్టినాము.

ఆటే బహుమానమైతే ఎంత దూరం పోవచ్చునో రెండు బార్డర్ కోలీ కుక్కలు చూపినవి. జెర్మనీలోని రికో తెచ్చిపెట్టే ఆటలో సుమారు 200 వస్తువుల పేర్లు నేర్చినదని 2004లో జూలియానే కామిన్‌స్కీ, సహచరులు పరీక్షించి ప్రకటించినారు. పరీక్షలో వస్తువులు వేరే గదిలో పెట్టినారు. యజమాని ముఖం చూసే వీలు లేకుండా చేసినారన్నమాట. కెప్లర్, హాన్స్‌ల పాఠం వృథా పోలేదు. అమెరికాలో జాన్ పిల్లీ అనే విశ్రాంత ఆచార్యుడు చేజర్ అనే కుక్కకు మూడు సంవత్సరాలలో 1,022 బొమ్మల పేర్లు నేర్పినట్లు 2011లో ప్రకటించినాడు. తిండి బదులు ఎక్కువగా బొమ్మతో ఆడుకోనివ్వడమే బహుమానం. రోజుకు నాలుగైదు గంటలు ఆడే ఓపిక మాత్రం ఆచార్యునికి కావలసి వచ్చినది!

అయితే ఈ విద్యలన్నింటికీ ముందు ఒక షరతు ఉన్నది. దానికి గడువు కూడా ఉన్నది. అమెరికాలో బార్ హార్బర్ ప్రయోగశాలలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అయిదు జాతుల కుక్కలను సుమారు ఇరవై ఏళ్లు పరిశీలించి 1965లో గ్రంథం ప్రచురించినారు. అక్కడనే 1961లో ప్రకటించిన ఒక ప్రయోగంలో, కొన్ని కుక్కపిల్లలను మనిషి ఎదురుపడకుండా కంచె వేసిన పొలంలో తల్లులతో పెంచినారు. కొన్నింటిని 2, 3, 5, 7, 9 వారాల వయస్సులలో ఒక్కొక్క వారం పాటు లోపలికి తెచ్చి మనుషులతో ఆడించినారు. కొన్నింటిని 14 వారాల వరకు తేలేదు. ఆ చివరివి అడవి జంతువులకు మల్లే మనిషిని చూసి పారిపోయేవి. తరువాత ఎంత బుజ్జగించినా ఆ బెదురు తీరలేదు. మూడవ వారం మొదలు పన్నెండవ వారం వరకు గల ఆ కాలంలో కుక్కపిల్ల మనిషి చేతినీ, గొంతునూ, పిల్లల కేకలనూ మామూలు సంగతులుగా స్వీకరిస్తుంది. షేక్ హ్యాండ్ రెండేళ్ల కుక్కకు కూడా నేర్పవచ్చును. ఇది మాత్రం అప్పుడే జరగవలెను. టీకాలు పూర్తి కానందున వీధి కుక్కల మధ్యకు తీసుకొనిపోరాదు గాని, ఇంటికి వచ్చినవారి ఒడిలో కూర్చోబెట్టడానికి అడ్డు లేదు.

చెవి మెలిపెట్టిన అన్నగారి సంగతి మిగిలినది. ఇంగ్లండులో 364 మంది యజమానులను ప్రశ్నించి 2004లో ప్రకటించిన పరిశీలనలో, బహుమానంతో మాత్రమే నేర్పినవారి కుక్కలు ఎక్కువగా చెప్పిన మాట వింటున్నవని తేలినది. శిక్షలు వాడినవారు తమ కుక్కలలో చిక్కులు ఎక్కువగా చెప్పినారు. చిక్కుల వల్ల శిక్షించినారో, శిక్ష వల్ల చిక్కులు వచ్చినవో ప్రశ్నలు అడిగి తేల్చలేము. 2020లో పోర్చుగల్ శాస్త్రజ్ఞులు కుక్కల బడులకే పోయి 92 కుక్కలను పరీక్షించినారు. పాఠానికి ముందూ తరువాతా వాటి లాలాజలం సేకరించి, ఆందోళనలో హెచ్చే కార్టిసాల్ అనే హార్మోనును కొలిచినారు. పట్టీ లాగడం, గద్దించడం ఉన్న బడుల కుక్కలలో పాఠం తరువాత అది ఎక్కువగా పెరిగినది. మరొక పరీక్ష కూడా చేసినారు. ఒక పక్క పెట్టిన గిన్నెలో ఎప్పుడూ తిండి, రెండవ పక్క గిన్నె ఎప్పుడూ ఖాళీ అని నేర్పి, ఆపైన గిన్నెను మధ్యలో పెట్టి చూసినారు. శిక్షలు ఎక్కువగా ఎరిగిన కుక్కలు ఆ గిన్నె వైపు మెల్లగా నడిచినవి, అందులో ఏమీ ఉండదన్నట్లు. పావ్లోవ్ కాలంలో ఆకలిని కొలిచిన లాలాజలం ఇప్పుడు భయాన్ని కొలిచినది.

మన వీధి కుక్కల మీద కూడా ఇటువంటి పని జరిగినది. కలకత్తా దగ్గరి ఐసర్ సంస్థకు చెందిన అనిందితా భద్రా, సహచరులు దేశంలోని కొన్ని పట్టణాలలో 160 వీధి కుక్కల ముందు రెండు మూసిన గిన్నెలు పెట్టి, ఒకదానిని వేలితో చూపినారు. ఏ శిక్షణా ఎరుగని ఈ కుక్కలకు మనిషి వేలి సంకేతం తెలుస్తుందా అని ప్రశ్న. 2020లో ప్రకటించిన ఫలితం ప్రకారం, దగ్గరకు వచ్చిన కుక్కలలో సుమారు 80 శాతం చూపిన గిన్నె దగ్గరకే పోయినవి. కాని సుమారు సగం కుక్కలు అసలు ఏ గిన్నె దగ్గరకూ రాలేదు. అట్లా రానివి ఎక్కువగా మనిషిని చూసి బెదురుతున్నవే.